పది రోజులు కూర్చోడానికి

బ్రాడీపేట నాలుగో లైన్లో, మెట్లెక్కితే ఉండే ట్రావెల్సులో
ఆ కుర్రాడు మాకు ఇటలీ మొత్తం ఒక కాగితం మీద పరిచాడు.
పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఒక ఊరు,
ఒరిగిపోయిన గోపురం దగ్గర నలభై నిమిషాలు, ఫొటోలకి.
సువార్త పర్సులోంచి ఎర్ర పెన్ను తీసింది.
ముప్పై ఒక్క ఏళ్ళు జ్వరం చార్టులు నింపిన చెయ్యి,
వణక్కుండా ఒక్కో ఊరూ కొట్టేసుకుంటూ పోయింది.
చివరికి ఒక్కటే మిగిలింది,
సరస్సు ఒడ్డున, కొండకి ఆనుకుని, వేలిగోరంత.

"అక్కడ పది రోజులు ఏం చేస్తారాంటీ?"
"కూర్చుంటాం."
కుర్రాడు నా వంక చూశాడు, మగమనిషి కదా,
కాస్త లోకజ్ఞానం ఉంటుందేమోనని.
నేను సీలింగు ఫ్యాను వంక చూశాను.

నాది మిర్చియార్డులో కాటా రాసే పని.
టిక్కీ ఎత్తేటప్పుడు ముఠా కూలీ మెడనరం చూసి
బరువు చెప్పగలను, అరకేజీ అటూ ఇటూగా.
తేజా, బాడిగ, తాలు,
ఏది ఎక్కడ పోశారో కళ్ళు మూసుకుని తుమ్మునిబట్టి చెబుతాను.
వీసా ఆఫీసులో నా ఫైలు విప్పగానే
అద్దం అవతల పిల్ల ఏడుసార్లు తుమ్మింది.
పాస్‌పోర్టు పేజీల్లో కూడా మా యార్డే.
"వెళ్ళే కారణం?" అంది కళ్ళు తుడుచుకుంటూ.
నేనేం వాగుతానోనని సువార్త నా మోకాలు నొక్కింది.
"గాలి మార్పు," అన్నాను.

ఎండాకాలం సెలవులకి యార్డు గేటు మూస్తారు.
ఇన్నేళ్ళూ ఆ సెలవుల్లో ఏం చేశానో గుర్తులేదు.
కోల్డ్ స్టోరేజీ లెక్కలు, ఎవరిదో పెళ్ళి, ఎవరిదో అప్పు.
ఈసారికి ఇలా రాసుకున్నాం, గ్యాస్ పుస్తకం వెనకట్ట మీద:
మొదటిరోజు నిద్ర.
రెండోరోజు, నిద్ర సరిపోకపోతే, నిద్ర.
అది సువార్త రాసింది. నైట్ డ్యూటీల పాత బాకీ.
తర్వాత ఒక బెంచీ వెతకాలి, నీడ పడేది.
లాంచీ వస్తే ఎక్కొచ్చు. ఎక్కకపోనూవచ్చు.
ఇంకోటి వస్తుంది.

ఈ చివరి మాట దగ్గర నాకు రాత్రి కునుకు పట్టలేదు.
వదిలేసినదాని వెనక ఇంకోటి వచ్చే ఊరంటూ ఉంటుందా?
మా దగ్గర కాటా దాటిన టిక్కీ దాటిందే.

ఆ సరస్సు నాలుగొందల మీటర్ల లోతంట.
నీళ్ళు ఎంత బరువో వేద్దామని కూర్చుంటే
సున్నాలు అట్ట దాటి బల్ల మీదికి పోయాయి.
మాకు కుళాయి రోజు విడిచి రోజు.
"తూచింది చాల్లే," అంది సువార్త,
"దాన్ని కొనే షావుకారెవడూ లేడు."

సామాను మనిషికి ఇరవై మూడు కేజీలు, అంటే సగం టిక్కీ.
గోంగూర పచ్చడి వద్దంది. కారప్పొడి వద్దంది.
నువ్వే పెద్ద కారప్పొట్లానివి,
నిన్ను మోసుకుపోతున్నా, చాలదా అంది.
ఆ ఊరి పేరు పలకడం మాత్రం తనకే బాగా వచ్చింది.
మన మాటల్లాగే అది కూడా
చివర కాస్త నోరు తెరిచే ఉంచుతుంది.

వీసా ఇంకా రాలేదు. డబ్బు ఓ నలభై వేలు తగ్గింది.
కానీ కూర్చోవడం ముందుగా అలవాటు కావాలి కదా,
గురువారం నుంచి డాబా మీద ప్రాక్టీసు.
రెండు ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ళ ట్యాంకు నీడలో.
మొదటిరోజు ఆరు నిమిషాలకే లేచి నిలబడ్డాను,
ఎవరూ పిలవకుండానే.
నిన్న ఇరవై.
ఇవాళ సువార్త అలవాటుగా నా మణికట్టు పట్టుకుని
వాచీ చూడబోయి, మానేసింది.
చెయ్యి మాత్రం వదల్లేదు.

ట్యాంకు నిండి పొర్లుతోంది.
చెప్పుల కిందికి చల్లగా వచ్చేసింది.
మోటారు కట్టండి, మోటారు కట్టండి అని
కింది వాటాలోంచి కేకలు.

కడతాం.